పటములో కట్టదగినది, కట్టరానిది

పెద్దలు లింగైక్యము చెందిన పిమ్మట ఇంటిలో మిగులు చిన్న చిన్న వస్తువులను ఏమి చేయవలెను? పొలమునకు, ఇంటికి, బంగారమునకు దస్తావేజులున్నవి, న్యాయస్థానములున్నవి, నచ్చజెప్పుటకు పెద్దమనుష్యులున్నారు. కండ్లజోడు, కలము, తాళపుచెవి, అరిగిన అడకత్తెర, నాలుగు రుద్రాక్షలు - వీనికి ఏ శాసనమును లేదు. పారవేయుటకు చేయి రాదు. పెట్టెలో వేసి మూత పెట్టినచో రెండేండ్లలో మరుపు వచ్చును. అందుచేత కొన్ని కుటుంబములలో ఒక పద్ధతి అలవాటగుచున్నది. ఇట్టి వస్తువులను లోతుగల చట్రములో వరుసగా అమర్చి, పైన అద్దము బిగించి, పటము కట్టించి నడిమింటి గోడకు తగిలించుచున్నారు. చూచుటకు ముచ్చటగానే యుండును. అయితే లింగధారి యింట ఇట్టి పటము తగునా? తగినచో అందులో ఏది యుండవచ్చును, ఏది యుండరాదు? ఇది కేవలము గృహాలంకారమునకు సంబంధించిన ప్రశ్న కాదని నా అభిప్రాయము.

“అంతయు మాయ, ఇంక ఈ మమకార మెందుకు?” అని ఒక్కమాటతో త్రోసిపుచ్చువారు కొందరున్నారు. ఆ సమాధానము సులభమైనది కావుననే నాకు దానిపై నమ్మకము తక్కువ. అట్లు పలుకువారి యిండ్లలోనే అతిథులు కూర్చుండు గదిలో గాజు బీరువానిండ పింగాణి బొమ్మలు, సన్మానపు జ్ఞాపికలు కిక్కిరిసి యుండుట మనము చూడనిది కాదు. మాయకు నెలవు మనస్సుగాని వస్తువు కాదని అల్లమప్రభువు చూపిన మార్గము మనది. వస్తువును ద్వేషించుట శరణులు నేర్పలేదు. కాయకమునకు పనిముట్టు కావలెను, దాసోహమునకు పాత్ర కావలెను. కావున వస్తువు ఉండవచ్చునా అనునది ప్రశ్న కాదు. ఎందుకై యున్నది, ఎవరికై యున్నది అనునదే ప్రశ్న.

మరియొక సందేహమును ఇచ్చటనే తీర్చికొందము. మరణించినవారి వస్తువులు ఇంట నుండరాదని, అవి కీడు తెచ్చునని లోకములో ఒక భయము కలదు. మనకు ఆ భయము లేదు. జనన, మరణ, రజస్సు, ఉచ్ఛిష్ట, జాతి సూతకములనెడి ఐదింటిని శరణులు త్రోసివైచిరి. లింగము ధరించిన శరీరమునకు మరణములోను మైల లేనప్పుడు ఆ శరీరము పెట్టుకొన్న కండ్లజోడునకు మైల ఎక్కడనుండి వచ్చును? ఇరుగుపొరుగువారు ఏమనుకొందురోయని తండ్రి చేతికఱ్ఱను చీకటిలో తీసికొనిపోయి కాలువలో పారవేయు కుమారుడు వీరశైవ కుటుంబములో పుట్టియు ఈ సంగతి నెఱుగడన్నమాట.

ఇక వస్తువులయొద్దకు వత్తము. ఇష్టలింగమును గూర్చి చర్చయే లేదు. గురువు దీక్షాకాలమున కరమున నుంచినది, జీవితమంతయు అంగముపై నిలిచినది, చివరకు ఎడమ అరచేత నుండి సమాధిలోనికి వెళ్ళునది. లింగమునకు వారసులు లేరు. అది జ్ఞాపికయు కాదు, కుటుంబపు ఆస్తియు కాదు. దానిని ఉంచుకొందుమని యెవరైన ఆశపడినచో, ప్రేమవలననే యైనను, ఆ ఆశను పెద్దలు మెల్లగా మాన్పవలెను.

సందిగ్ధమంతయు లింగము నుంచుకొను కరడిగెను గూర్చియే. వస్త్రములో కట్టుకొనువారి విషయములో చిక్కు లేదు. వెండి కరడిగె యున్నచోట మాత్రము మాటలు మొదలగును. పెద్దకుమారుడు తనకన్నాడు, చిన్నవాడు తనకన్నాడు. తగవు ఎందుకని మూడవవాడు “పటము కట్టించి గోడకు తగిలించుదము, అందరిదియు నగును” అన్నాడు. వినుటకు ఇది న్యాయముగా తోచును. నేను ఒప్పుకొనను. కరడిగె లింగమునకు ఇల్లు. ఆ యింటికి ఇంకను పని యున్నది. రేపు ఆ వంశములో ఒక బిడ్డకు దీక్ష యగును, ఆ బిడ్డ లింగమునకు ఆ కరడిగె పనికివచ్చును. పనికివచ్చు ఇంటికి తాళము వేసి, లోపల ఎవరును లేకుండ, వెలుపలనుండి అద్దములో చూచుకొనుట ఏమి భక్తి? విభూతి బరిణె, పాదోదకపు గిన్నె, రుద్రాక్షమాల - ఇవియు నట్టివే. ధరించువారు లేరా? మఠమునకు ఇయ్యవచ్చును. పని తీరని వస్తువును పటములో కట్టరాదు. పని తీరిన వస్తువు ఉన్నది చూడుడు, పటమునకు తగినది అదియే.

పని తీరిన వస్తువులలోను కాయకపు పనిముట్టును నేను మొదట నిలుపుదును. శరణుల పేర్లనే గమనింపుడు. నులియ చందయ్య త్రాళ్ళు పేనినవాడు, మేదర కేతయ్య బుట్టలల్లినవాడు, మడివాళ మాచయ్య బట్టలుతికినవాడు, అంబిగర చౌడయ్య పడవ నడిపినవాడు, కదిరె రెమ్మవ్వ నూలు వడికినది. వారి త్రాళ్ళను, కత్తిని, తెడ్డును, కదురును దాచి మనకిచ్చినవారు లేరు. అయినను పనియే వారి పేరులో నిలిచిపోయినది. బిరుదుగా రాజులిచ్చిన పేర్లు కావవి. మన తాతల పేర్లలో అట్లు పని నిలువలేదు. దుకాణపు పలకమీదనో, చదువుల పట్టామీదనో వేరొక పేరుండును. కావున వారి పనిముట్టును గోడపై నుంచుట శరణుల సంప్రదాయమునకు దూరము కాదని చెప్పుదును. దర్జీవాని అంగుస్తానము, రైతు కొడవలిపిడి, ఉపాధ్యాయుని సుద్దముక్కల డబ్బా - వీనికి అంగడిలో వెలలేదు. అందుచేతనే తగవును లేదు.

ఈ సందర్భమున ఒక కుటుంబపు సంగతి చెప్పవలసియున్నది. తెలంగాణ కర్ణాటక సరిహద్దులో, జహీరాబాదు ప్రాంతమున, ఒక చిన్న ఊరిలో ధాన్యపు దుకాణము నడిపిన లింగాయతు గృహస్థు కొన్ని సంవత్సరముల క్రిందట వృద్ధాప్యమున లింగైక్యులైరి. భార్య యున్నది, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె. దుకాణము ఏనాడో మూసిరి. పెద్దకుమారుడు నగరమున ఉద్యోగి, అభిరుచి కలవాడు. తండ్రి వస్తువులన్నిటిని ఏరి యుంచెను: దుకాణపు తాళపుచెవి, ఒక ఇనుప అచ్చేరు తూనికరాయి, కండ్లజోడు, ఖాతాపుస్తకములోని ఒక పుట. 1956 నాటి చట్టము ననుసరించి దేశములో మెట్రిక్ తూనికలు వచ్చినవి. 1960 దశకారంభమునకు శేర్లు, అచ్చేర్లు అంగళ్ళనుండి తొలగినవి. పనికిరాని ఆ రాతిని ఆ గృహస్థు తన తండ్రి చేతిదని చివరివఱకును గల్లాపెట్టెలో నుంచుకొనెను. ఖాతాపుట సంగతి వేరు. ఆయన చేతివ్రాత ముత్యములవలె నుండెడిది. నల్లసిరాతో, వంకర లేని వరుసలతో నిండిన ఆ పుటను పటము నడుమ నుంచవలెనని కుమారుని కోరిక. చట్రము కొలతలు కూడ ఇచ్చి వచ్చెను.

తల్లి ఆ పుటను చేతికి తీసికొని చదివెను. అందులో మూడు కుటుంబముల పేర్లు, వారు తీసికొనిపోయిన జొన్నలు, కందిపప్పు, వారి బాకీ. కఱవు సంవత్సరపు పుట యది. ఆ బాకీలను ఆయన వసూలు చేయలేదు. కొట్టివేయనును లేదు, అడుగుట మానివేసెను, అంతియే. ఆ మూడు కుటుంబముల పిల్లలు, మనుమలు నేటికిని ఆ వీధిలోనే యున్నారు, పండుగకు ఆ యింటికి వత్తురు. ఆమె అన్నమాట నేను విన్నది విన్నట్లే వ్రాయుచున్నాను: “మీ నాయన అడగని బాకీని నువ్వు గోడకెక్కించి అడుగుతవా బిడ్డా?”

కుమారుడు వాదింపకపోలేదు. ఆ వ్రాతలోని అందమే తనకు కావలసినదని, పేర్లను ఎవరును చదువరని, ఏబదియేండ్ల నాటి లెక్కకు ఇప్పుడు అవమాన మేమున్నదని అనెను. ఇందులో మొదటి మాట నిజము. అతని మనస్సులో చెడు లేదు. రెండవది నిజము కాదు. గోడపై నున్నదానిని వచ్చినవారు చదువుదురు. అందులోను తమ తాత పేరు కనబడినచో ఎంత సన్నని అక్షరమైనను చదువుదురు. ఇక అవమానమునకు కాలపరిమితి యెంత అనునది బాకీపడినవారు చెప్పవలసినది గాని ఇచ్చినవారి కుమారుడు చెప్పవలసినది కాదు. దాసోహమునకు ప్రాణము, ఇచ్చితిననెడి మాట లేకుండుట. తండ్రి ఆ మాటను జీవితమంతయు పలుకలేదు. ప్రేమతోనే యైనను కుమారుడు అద్దము వెనుకనుండి పలికింపబోయెను.

చివరకు ఆ ఖాతాపుస్తకపు మొదటి పుటను తీసిరి. దానిపై గురు బసవలింగమునకు నమస్కారము, సంవత్సరము పేరు, తిథి - అంతకంటె ఏమియు లేదు. చేతివ్రాత అదియే. వెండి కరడిగె కుమార్తె బిడ్డకు దీక్షనాడు ఇచ్చిరి. ఇక్కడ ఇంకొక్క విషయము. ఇంటిలో భర్తను కోల్పోయిన తల్లి యుండగా వస్తువులను ఏరుటకు కుమారులు కూర్చుందురు, ఆమెను చివరకు పిలుతురు. ఆ పుటలో ఏమున్నదో ఆమెకు తప్ప ఎవరికిని తెలియదు. ఆమెను అడుగక పటము కట్టించియుండినచో ఏమగునో ఊహింపుడు. లింగధారియైన స్త్రీకి భర్త పోయినంతమాత్రమున విభూతియు పోదు, ఇంటిలోని స్థానమును పోదు. మొదటిమాట ఆమెదే కావలెను.

తల్లుల విషయము వచ్చినది కావున చెప్పుదును. నేను చూచిన పటములలో తండ్రుల, తాతల వస్తువులే యెక్కువ. గడియారము, కలము, చేతికఱ్ఱ. తల్లి వస్తువేదియని అడిగినచో ఒక ఫోటో చూపుదురు. ఆమె చేతిలో నలుబదియేండ్లు తిరిగిన అప్పడాలకఱ్ఱ, చింతపండు కొట్టిన కత్తిపీట, నూలుకండె, సూదులు గ్రుచ్చిన గుడ్డయుండ జ్ఞాపకములుగా నెవరికిని తోచవు. ఇంటిపని కాయకము కాదా? పన్నెండవ శతాబ్దమున ముప్పదిమందికి పైగా స్త్రీలు వచనములు చెప్పిన సంప్రదాయములో ఈ మఱుపు విచిత్రముగా నున్నది. కత్తిపీట అందమైన వస్తువు కాదందురు. అచ్చేరు రాయి అందమైనదా?

దాచుట, చూపుట అను రెంటికిని నడుమ మూడవది యొకటి కలదు. దానికి ఫ. గు. హళకట్టిగారి (1880–1964) జీవితమే నిదర్శనము. విజాపురమున న్యాయవాదిగా నుండిన ఆ మహనీయుడు ఇల్లిల్లు, మఠము మఠము తిరిగి వచనముల తాళపత్రప్రతులను సేకరించెను. పలుచోట్ల ఆ ప్రతులు గుడ్డలో చుట్టబడి, విభూతి పూతతో, పూజలందుకొనుచు, విప్పి చదువువారు లేక యుండెను. 1923లో ఆయన “వచన శాస్త్ర సారము” వెలువరించిన పిమ్మటనే ఆ మాటలు మరల వేలాదిమంది నోటికి వచ్చినవి. ముద్రణాలయముకొఱకు సొంత యింటిని సైతము అమ్ముకొనెనన్నది ప్రసిద్ధము. ఇందులో ఎవరిని నిందింపవలెను? చదువక పూజించినవారినా? వారు తరతరములు గుడ్డ విప్పకయే కాపాడనిచో హళకట్టిగారికి దొరుకునది యేమి? అట్లని ఆయన వచ్చి అడుగనిచో ఆ ఆకులు చెదలకు ఆహారము కావలసినవే. దాచినవారి ఋణమును, విప్పినవాని ఋణమును రెండును మనపై నున్నవి. పటము కట్టించు గృహస్థు ఈ రెండు పనులను తానే చేయవలసియున్నది. అద్దము బిగించుటతో మొదటిది యగును. ఆ రాయి యెవరిది, ఎందులకు దాచిరి అని పిల్లలకు చెప్పుట రెండవది. స్థావరము, జంగమము అని బసవన్న చూపిన భేదము గుడికి మాత్రమే సంబంధించినదని నేననుకొనను.

ధనము ఈ విషయమున ఎట్లు దారి తప్పించునో 2009వ సంవత్సరము మార్చినెలలో లోకమంతయు చూచినది. గాంధీజీ కండ్లజోడు, జేబుగడియారము, చెప్పులు, భోజనపు గిన్నె, పళ్ళెము న్యూయార్కు నగరమున వేలమునకు వచ్చి 18 లక్షల డాలర్లకు అమ్ముడుపోయినవి. ఏమియు వద్దనుకొన్నవాని వస్తువుల వెల యది! హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియము వంటి చోట్ల వస్తువునకు తన పనితనమువలననే విలువ యున్నది. ఎవరిదని అడుగనవసరము లేదు. ఇంటి జ్ఞాపికలకు చేతివలన విలువ. ఆ చేయి యెవరిదో మఱచినచో పటము దుమ్ముపట్టిన చెక్కయే.

పటము కట్టించినవెంటనే కొందరు దానికి దండ వేయుదురు. తరువాత అగరువత్తి, ఆపైన నిత్యదీపము. ఇది నాకు సమ్మతము కాదు. వీరశైవునకు పూజ కరస్థలమున నున్న లింగమునకే. గోడపై రెండవ దైవమును నిలుపుట తాతగారికి గౌరవము కాదు, ఆయనయే ఒప్పుకొనియుండరు. పైగా ఆ పొగ వెండిని నల్లబరచును.

ఎన్ని వస్తువులు ఉంచవలెను? ఆయ్దక్కి మారయ్య ఒకనాడు నిత్యమునకంటె ఎక్కువ బియ్యము ఏరి తెచ్చినపుడు లక్కమ్మ దానిని ఇంటిలోనికి రానీయక, ఏరినచోటనే పోసి రమ్మని పంపిన కథ మన పిల్లలకు సైతము తెలియును. రాలిన బియ్యమే, ఎవరిని దోచినది కాదు. అయినను అక్కరకు మించినది. పటము నిండవలెనని వస్తువులు వెదకువారికి ఆమె కథ గుర్తుకు రావలెను. నాలుగు చాలును. ఖాళీచోటు కూడ చూచువానికి అవసరమే.

కట్టించువారికి ఉపయోగపడునని పనికి సంబంధించిన సంగతులు కొన్ని వ్రాయుచున్నాను. పటములు కట్టు అంగడివారు అందరును వీనిని పట్టించుకొనరు. వస్తువులను బంకతో అంటింపరాదు. మరల తీయవలసినపుడు వస్తువు చెడును. వెనుక గుడ్డకు నూలుదారముతో కుట్టించవలెను. ఆ గుడ్డ తెల్లని నూలుబట్ట యైనచో మంచిది. దానికి గంజి యుండరాదు, గంజికి పురుగు పట్టును. వెండివస్తువు ఏదైన నున్నచో ఉన్నిబట్టను, రబ్బరును దానికి తగులనీయరాదు. వానిలోని గంధకము వెండిని నల్లబరచును. నల్లబడినదని మాటిమాటికి తోమినచో ప్రతిసారియు కొంత లోహము పోవును. వార్తాపత్రిక కాగితమును వెనుక అతికించుట మన అంగళ్ళలో అలవాటు. ఆ కాగితము తాను పసుపుబారుటయే గాక ప్రక్కనున్న కాగితమును కూడ చెఱచును. ఫోటోగాని, వ్రాతపుటగాని అద్దమునకు ఆనరాదు; తేమకు అంటుకొన్నచో విడదీయుట కష్టము. నడుమ సన్నని చెక్కబద్ద వేయించిన చాలును. ఎండ పడు గోడ, స్నానపుగదికి ఆనుకొన్న గోడ, వంటింటి గోడ పనికిరావు. విభూతిని అద్దములోపల ఉంచవద్దు. బూడిద తేమను పీల్చును, పొడి అంతట వ్యాపించును. పటము వెనుక ఒక చీటిపై, సిరాతో గాక పెన్సిలుతో, ఏ వస్తువు ఎవరిది, ఏ పనికి వాడిరి, ఏ సంవత్సరమువఱకు వాడిరి అని వ్రాసియుంచవలెను. తెలిసినవారు బ్రదికియుండగానే వ్రాయించుట మేలు.

మేకులు కొట్టి శాశ్వతముగా మూయింపవద్దు. వెనుకపలకకు మరలు బిగింపించినచో సంవత్సరమున కొకసారి విప్పవచ్చును. వైశాఖ శుద్ధ తదియ, బసవజయంతి, అందుకు తగిన దినము. ఎండలు ముదిరి గాలిలో తేమ తక్కువగా నుండును, వానకాలమునకు ఇంకను వ్యవధి యుండును, పిల్లలకు సెలవులు. ఆ సరిహద్దు ఊరి కుటుంబమువారు ఆనాడే విప్పుదురు. అద్దము తుడుతురు, గుడ్డను దులుపుదురు, తాళపుచెవికి ఒక చుక్క నూనె వేసి మరల తుడిచివేయుదురు. దాని తాళమును, ఆ తలుపును ఇప్పుడు లేవు. తూనికరాయి పిల్లల చేతులు మారును. అరకిలోకంటె కొంచెము తక్కువ తూగునది యని తెలియక, ప్రతి పిల్లవాడును అది కిలో ఉండునని పందెము వేయును. అవ్వ ప్రక్కన కూర్చుండి వినుచుండును.